కోనసీమ సామాన్యుల రూపచిత్రాలు: ఫోటో ‘తీయడం’ నుంచి ఫోటో ‘దిగడం’ దాకా ఒక సామాజిక చరిత్ర

వ్యాససంగ్రహం:

కోనసీమ అనగానే కొబ్బరితోటలు, కాలువలు, గోదావరి పాయలు కంటి ముందు మెదులుతాయి. ఆ తోటల్లో, కాలువగట్ల మీద, లంకల్లో జీవించిన మనుషుల ముఖాలు మాత్రం ఆ దృశ్యంలో అరుదుగా కనిపిస్తాయి. ఈ ప్రాంతంలోని సామాన్యుల రూపచిత్రాలు ఏయే అవసరాల కోసం పుట్టాయో, ఎవరి చేతుల మీదుగా పుట్టాయో, ఏ గోడల మీద, ఏ కాగితాల మీద నిలిచాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తీయడం, దిగడం, పటం కట్టించడం, అతికించడం అనే నాలుగు తెలుగు క్రియలను ఆధారం చేసుకొని వలసపాలన కాలపు జాతుల చిత్రణ, చిన్న పట్టణపు స్టూడియో, ఇంటి గోడ, గుర్తింపుపత్రం అనే నాలుగు దశలను వివరిస్తుంది. ఒక స్థానిక సమాజాన్ని గౌరవించే రూపచిత్ర సంకలనం కోనసీమలో ఏ సూత్రాల మీద నిలబడాలో చివర చర్చిస్తుంది.

కీలకపదాలు: కోనసీమ, ఛాయాచిత్ర చరిత్ర, స్టూడియో, రూపచిత్రం, సామాన్యుడు, గల్ఫ్ వలస, సామాజిక స్మృతి.

1. ఉపోద్ఘాతం:

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, సముద్రం అంచున ఉన్న త్రికోణాకారపు నేల కోనసీమ. మధ్యలో వైనతేయ పాయ దీనిని చీలుస్తుంది. దానికి తూర్పున అమలాపురం, పడమట రాజోలు, ఎగువన కొత్తపేట ఉన్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, ఆ తరువాతి కాలంలో గన్నవరం అక్విడక్టు మీదుగా నాటి నగరం తాలూకాకు నీరు చేరాక ఈ నేల స్వరూపం మారింది. వరి, కొబ్బరి, అరటి ఈ ప్రాంతపు సిరిసంపదలకు ప్రతీకలయ్యాయి. క్యాలెండర్లు, పర్యాటక ప్రచారపత్రాలు, సినిమాలు ఆ పచ్చదనాన్నే పదేపదే చూపాయి.

ఇలా స్థిరపడిన దృశ్యంలో ఒక లోపం ఉంది. కొబ్బరిచెట్టు కనిపిస్తుంది, దానినెక్కి గెలలు దించే దింపు కార్మికుడు కనిపించడు. కనిపించినా ఆకాశం ముందు ఒక నల్లని ఆకారంగానే కనిపిస్తాడు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. బోర్లించిన వేడి కుండ మీద పలుచని రేకు తీసే స్త్రీ చేతులు ఛాయాచిత్రాల్లో తరచుగా కనిపిస్తాయి, ఆమె పేరు మాత్రం చాలాసార్లు కనిపించదు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా కోనసీమ ప్రభల తీర్థం ఢిల్లీ కర్తవ్యపథానికి చేరింది. కనుమనాడు జగ్గన్నతోటకు చేరేందుకు పొలాలకు అడ్డంపడి, కౌశికను దాటుతూ ప్రభలను మోసే భుజాలు ఎవరివో ఆ దృశ్యం చెప్పదు.

ప్రకృతి వర్ణన ఎంత గొప్పదైనా అది సమాజచరిత్రకు ప్రత్యామ్నాయం కాదు. ఒక ప్రాంతపు ప్రజలు తమను తాము ఎలా చూసుకున్నారు, ఇతరులు వారిని ఎలా చూశారు అన్న ప్రశ్నలకు సమాధానం వెతకడానికి రూపచిత్రం ఒక ప్రధానమైన ఆధారం. తెలుగులో సాహిత్యచరిత్రకు, శాసనచరిత్రకు ఉన్నంత పరిశోధన సంప్రదాయం ఛాయాచిత్రాలకు ఏర్పడలేదు. ఆ లోటును దృష్టిలో ఉంచుకొని ఈ పరిశీలన సాగుతుంది.

2. నాలుగు క్రియలు - నాలుగు దృక్పథాలు:

ఛాయాచిత్రం గురించి మాట్లాడేటప్పుడు తెలుగువాడు వాడే క్రియలు గమనించదగినవి. కెమెరా పట్టుకున్నవాడు ఫోటో ‘తీస్తాడు’. కెమెరా ఎదుట నిలబడినవాడు ఫోటో ‘దిగుతాడు’. “మేం ముగ్గురం తీర్థంలో ఫోటో దిగాం” అన్న వాక్యంలో కర్త ఛాయాగ్రాహకుడు కాదు, ఆ ముగ్గురు స్నేహితులే. తన రూపం నమోదయ్యే పనిలో తానే కర్తనన్న స్పృహ ఈ ఒక్క మాటలో నిక్షిప్తమై ఉంది. ‘తీయించుకోవడం’ అన్న ప్రేరణార్థక రూపం కూడా ఉంది. అందులో డబ్బిచ్చి పని చేయించుకున్నవాడి అధికారం ధ్వనిస్తుంది.

ఇంకా రెండు క్రియలున్నాయి. పెద్దలు పోయాక వారి బొమ్మను ‘పటం కట్టిస్తారు’. దరఖాస్తు మీద ఫోటో ‘అతికిస్తారు’. మొదటిది స్మృతికి, రెండవది గుర్తింపుకు సంబంధించినది. ఒకే ముఖం ఈ నాలుగు పనుల్లో నాలుగు వేర్వేరు అర్థాలను పొందుతుంది. ఈ నాలుగూ కాలక్రమంలో ఒకదాని తరువాత ఒకటి వచ్చి వెళ్లిపోయిన దశలు కావు. ఒకదానిపై ఒకటి పేరుకున్న పొరలు. అయినా ప్రతి పొర వెనుక ఒక ప్రత్యేకమైన చారిత్రక సందర్భం ఉంది.

3. తీసిన ముఖాలు - వలసపాలన దృష్టి:

1839లో ఐరోపాలో వెల్లడైన ఛాయాచిత్రకళ కొద్ది ఏళ్లకే భారతదేశం చేరింది. బొంబాయిలో 1854లో, కలకత్తా, మద్రాసుల్లో 1856లో ఛాయాచిత్ర సంఘాలు ఏర్పడ్డాయి. మద్రాసు సంఘానికి చిత్రకళాశాల స్థాపకుడు అలెగ్జాండర్ హంటర్ మూలపురుషుడు. ప్రెసిడెన్సీ ప్రభుత్వం తరఫున లిన్నియస్ ట్రైప్ తీసిన చిత్రాల్లో దేవాలయాలు, కోటలే ప్రధానం.

మనుషుల వైపు పాలకుల కెమెరా తిరిగింది 1857 తిరుగుబాటు అనంతరం. జాన్ ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే సంపాదకత్వంలో 1868-1875 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’లో నాలుగు వందలకు పైగా ఛాయాచిత్రాలున్నాయి. వాటి కింద ఉన్నవి ఎక్కువగా జాతి, కులం, తెగ పేర్లు. ఆ పక్కనే ఆ సమూహం నమ్మదగినదా, కలహశీలమైనదా అన్న తీర్పులు కూడా కనిపిస్తాయి. దక్షిణాదిలో ఈ ధోరణికి పరాకాష్ఠ మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సహకారంతో 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’. తలల కొలతలు, ముక్కుల కొలతలతోపాటు ముఖచిత్రం కూడా అక్కడ ఒక కొలమానమే. తెలుగు కులాలెన్నో అందులో అక్షరక్రమంలో చోటు చేసుకున్నాయి. ఎదురుగా నిలబడిన మనిషి ఒక ‘నమూనా’ మాత్రమే. పేరు చెప్పడం ఆ పద్ధతిలో అనవసరం. ఒక రకంగా అడ్డంకి కూడా. పేరుంటే అతడు వ్యక్తి అవుతాడు, నమూనా కాకుండా పోతాడు.

ఇదే కాలంలో హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ స్టూడియో మరొక లోకాన్ని చూపింది. నవాబులు, అమీరులు, ఆంగ్ల అధికారులు తమకు నచ్చిన దుస్తుల్లో, నచ్చిన భంగిమల్లో ఫోటో దిగారు. 1892లో అంతఃపుర స్త్రీల కోసం ఒక ఆంగ్ల మహిళ నిర్వహణలో జనానా స్టూడియో కూడా నడిచింది. ధనికుడు ఫోటో దిగాడు, పేదవాడి ఫోటో తీశారు. ఆనాటి వ్యాకరణం స్థూలంగా ఇదే.

1940లలో గోదావరి ఎగువ కొండల్లో పనిచేసిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1945లో ‘ద రెడ్డిస్ ఆఫ్ ద బైసన్ హిల్స్’ గ్రంథాన్ని ప్రచురించాడు. కొండరెడ్ల మధ్య కొంతకాలం నివసించి తీసిన చిత్రాలు కావడంతో అవి కొలతల దృష్టి నుంచి కొంత బయటపడ్డాయి. ఎగువ గోదావరి కొండల ప్రజలకు మానవశాస్త్ర పరిశోధన ద్వారా ఇటువంటి చిత్రసంపద సమకూరింది. దిగువన డెల్టా గ్రామాల శ్రామికులను పరిశోధకులు ‘ఆదిమ’ సమూహంగా ఎంచలేదు, కళాభిమానులు ‘రాచరిక’ విషయంగా ఎంచలేదు. ఇటు నమూనాగా గాని, అటు ప్రముఖుడిగా గాని ఆసక్తి కలిగించని ఈ మధ్యస్థితి కోనసీమ సామాన్యుడి అదృశ్యతకు ఒక కారణంగా చెప్పవచ్చు.

4. దిగిన ముఖాలు - చిన్న పట్టణపు స్టూడియో:

ఈ అదృశ్యతను తొలగించినది చిన్న పట్టణపు ఫోటో స్టూడియో. 20వ శతాబ్ది మధ్యభాగానికి తెలుగునాట తాలూకా కేంద్రాల్లో స్టూడియో ఒక పరిచితమైన వ్యాపారమైంది. కోర్టుకు, ఆసుపత్రికి, సినిమాకు, బట్టలకొట్టుకు వచ్చిన పల్లెటూరి కుటుంబం అదే ప్రయాణంలో ఫోటో దిగి వెళ్లేది. బడి చదువు పూర్తయినప్పుడు స్నేహితులు, పెళ్లయిన కొత్తలో దంపతులు, బిడ్డ పుట్టినప్పుడు తల్లిదండ్రులు స్టూడియో మెట్లెక్కారు. పెళ్లిచూపులకు ముందు అమ్మాయి ఫోటో అబ్బాయి ఇంటికి చేరడం మొదలయ్యాక స్త్రీల రూపచిత్రాల సంఖ్య పెరిగింది. తీర్థాలకు, జాతరలకు ఛాయాగ్రాహకుడే తన తెర చుట్టుకొని వచ్చేవాడు.

స్టూడియో లోపలి సామగ్రిని ఒక చారిత్రక పత్రంగా చదవవచ్చు. తెర మీద మేడ, మెట్లు, పూలతోట, చంద్రుడు, కొన్నిచోట్ల విమానం. ముందు ఒక కుర్చీ, ఒక పూలకుండీ, చేతికి గడియారం, పక్కన రేడియో. అవసరమైనవారికి స్టూడియోవారి కోటు. నల్లగుడ్డ కప్పుకున్న ఛాయాగ్రాహకుడు “కదలకండి” అన్నప్పుడు బిగుసుకున్న ముఖాలనే మనం ఈనాడు పాత ఫోటోల్లో చూస్తున్నాం. నవ్వకపోవడం ఆనాటి మర్యాద. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందన్న నమ్మకం పెద్దవారిలో ఉండేది కాబట్టి కొందరు ముసలివాళ్ల రూపం వారి జీవితంలో ఒక్కసారి, అదీ మనుమల బలవంతం మీదనే, నమోదైంది.

పశ్చిమ మధ్యభారతంలోని నాగ్దా పట్టణపు స్టూడియోలను అధ్యయనం చేసిన క్రిస్టఫర్ పిన్నీ తన ‘కెమెరా ఇండికా’ (1997)లో ఒక ముఖ్యమైన విషయాన్ని నిరూపించాడు. ఈ స్టూడియోలకు వచ్చినవారు తమ నిత్యరూపాన్ని ఉన్నదున్నట్టు నమోదు చేయించుకోవడానికి రాలేదు. తాము కాగలిగిన రూపాన్ని ప్రయత్నించి చూసుకోవడానికి వచ్చారు. కోనసీమకు కూడా ఈ విశ్లేషణ వర్తిస్తుంది. పొలంలో పంచె ఎగగట్టి దుక్కి దున్నే మనిషి స్టూడియోలో కోటు తొడిగి కుర్చీలో కూర్చున్నాడంటే అది అబద్ధం కాదు, ఆకాంక్ష. కులాన్ని బట్టి కుర్చీలో కూర్చునే హక్కు నిర్ణయమైన సమాజంలో ఈ ఆకాంక్షకు ప్రత్యేకమైన బరువుంది. పెద్దల ఎదుట కూర్చోరాదని ఊరు నియమించినవాడికి, డబ్బు చెల్లించిన ఆ కొద్ది నిమిషాలు స్టూడియో కుర్చీ తనది. బోయి భీమన్న, బొజ్జా తారకం వంటివారికి జన్మనిచ్చిన ఈ నేలలో దళిత కుటుంబాల పాత ఆల్బములను ఆత్మగౌరవ చరిత్రలో భాగంగా చదవడం సమంజసం. సూటు, కళ్లజోడు, చేతిలో పుస్తకంతో ఉన్న అంబేడ్కర్ చిత్రం పేటల్లోని ఇళ్ల గోడలకు చేరడం, ఆ ఇళ్ల యువకులు కోటు తొడుక్కొని పుస్తకం పట్టుకొని ఫోటో దిగడం ఒకదానికొకటి సంబంధంలేని విషయాలు కావు.

అయితే స్టూడియోను పూర్తిగా సమానత్వవేదికగా చిత్రించడం పొరపాటు. నెగటివు మీద పెన్సిలుతో దిద్దేటప్పుడు, నలుపు తెలుపు ప్రతికి చేతితో రంగులద్దేటప్పుడు చామనఛాయ ముఖాలు తెల్లబడ్డాయి. అందానికి ఒకే రంగును ప్రమాణం చేసిన దోషం అందులో ఉంది. రోజుకూలితో బతికే కుటుంబానికి ఫోటో ఖర్చు చిన్నది కాదు. కాబట్టి భూమి ఉన్న ఇళ్లలో తరాల తరబడి ఆల్బములు మిగిలాయి, భూమిలేని ఇళ్లలో తాత ముఖం కూడా మిగలని సందర్భాలు ఏర్పడ్డాయి. ఫోటోల లభ్యతలోని ఈ వ్యత్యాసమే ఒక సామాజిక సాక్ష్యం.

5. పటమైన ముఖాలు - గోడ, విగ్రహం, విపత్తు:

తెలుగింట గోడ మీద పటానికి దండ వేసి ఉంటే ఆ మనిషి లేడని అర్థం. బతికి ఉన్నవారి పటానికి దండ వేయరు. దేవుళ్ల పటాల వరుస పక్కనే పెద్దల పటాలుండటంవల్ల ఛాయాచిత్రం పితృస్మృతిలో భాగమైంది. తద్దినం నాడు పటానికి బొట్టుపెట్టడం ఈ కొత్త వస్తువును పాత ఆచారం ఎలా తనలో కలుపుకుందో చూపిస్తుంది. స్టూడియోలో సరదాకు దిగిన ముగ్గురు స్నేహితుల ఫోటోలోంచి ఒక్కరి ముఖాన్ని వేరుచేసి, పెద్దది చేయించి, పటం కట్టించడం సర్వసాధారణం. దిగిన సందర్భం వేరు, నిలిచిన సందర్భం వేరు.

కొత్తపేటలో ఈ ప్రయాణం మరో మలుపు తిరుగుతుంది. అక్కడి వుడయార్ శిల్పశాల తెలుగు రాష్ట్రాల్లో పేరెన్నికగన్నది. నాయకుల విగ్రహాలకు ప్రసిద్ధమైన ఇటువంటి శిల్పశాలలకు మూలాధారం ఛాయాచిత్రమే. తల్లిదండ్రుల విగ్రహాలను ఇంటి ఆవరణలో నిలిపే అలవాటు కోస్తా జిల్లాల్లో వ్యాపించాక, ఒక పాత పాస్‌పోర్టు సైజు ఫోటో నుంచి మూడు కొలతల రూపాన్ని ఊహించవలసిన బాధ్యత శిల్పి మీద పడింది. ముందువైపు మాత్రమే చూపే ఫోటో నుంచి తల వెనుకభాగాన్ని, మెడ వంపును నిర్ణయించడానికి కుటుంబసభ్యుల జ్ఞాపకమే శరణ్యం. ఛాయాచిత్రం ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మౌఖికస్మృతి మొదలవుతుందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

డెల్టా జీవితంలో పటానికి మరో విషాదకరమైన ప్రాముఖ్యం ఉంది. 1986 ఆగస్టులో గోదావరి వరద లంకలను ముంచింది. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమ తీరాన్ని అతలాకుతలం చేసి వెయ్యికి పైగా ప్రాణాలను బలిగొన్నది. వేటకు వెళ్లిన మత్స్యకారుల్లో ఎందరో తిరిగి రాలేదు. శరీరం దొరకని మరణంలో, ఇంట్లో ఉన్న ఒక్క ఫోటోయే కర్మకు, కన్నీటికి ఆధారం. ఆ ఫోటో కూడా అదే నీటిలో కొట్టుకుపోయిన ఇళ్లకు మిగిలినది పేరొక్కటే. ఉప్పుగాలి, తేమ, బూజు, చెద అన్నవి రోజువారీ శత్రువులు. వెండి లవణాల పూత మీద నిలిచిన నలుపు తెలుపు ప్రతి ఈ వాతావరణంలో పసుపుబారి, మచ్చలుపడి క్రమంగా మాయమవుతుంది. కోనసీమలో ఛాయాచిత్రాల పరిరక్షణ ఒక అభిరుచి స్థాయి విషయం కాదనడానికి ఈ భౌతిక కారణాలు చాలు.

6. అతికించిన ముఖాలు - రాజ్యం, వలస:

స్వాతంత్ర్యానంతరం రాజ్యానికి కూడా పౌరుడి ముఖం అవసరమైంది. 1993లో ఎన్నికల ప్రధాన కమిషనర్ టి.ఎన్. శేషన్ కాలంలో ఓటర్లకు ఫోటో గుర్తింపుకార్డులు జారీ చేయాలన్న నిర్ణయం వెలువడింది. 2010లో ఆధార్ సంఖ్యల జారీ ప్రారంభమైంది. అంతకుముందు ఎన్నడూ స్టూడియో మెట్లెక్కని వృద్ధులకు, కూలీలకు జీవితంలో తొలి రూపచిత్రం గుర్తింపుపత్రం మీదిదే అయిన సందర్భాలు తక్కువేమీ కాదు. ఛాయాచిత్రం అందరికీ చేరింది, అయితే సంఖ్యకు తోడుగా చేరింది. ఇక్కడ భంగిమ లేదు, తెర లేదు, ఎంపిక లేదు. మనిషి చనిపోయాక, మరొక ఫోటో లేని ఇంట్లో, ఆ కార్డు మీది మసకముఖాన్నే పెద్దది చేయించి పటం కట్టిస్తారు. అతికించిన ముఖం పటంగా మారే ఈ ఘట్టం పేదరికపు దృశ్యచరిత్రలో కీలకమైనది.

కోనసీమకు పాస్‌పోర్టు ఫోటో మరింత దగ్గరిది. రాజోలు, మామిడికుదురు, మలికిపురం, పి. గన్నవరం తదితర ప్రాంతాల నుంచి కువైట్, ఒమాన్, దుబాయ్ వంటి గల్ఫ్ ప్రాంతాలకు ఇంటిపనికి వెళ్లిన స్త్రీల వలస దశాబ్దాలుగా కొనసాగుతున్నది. పచ్చని నేలగా పేరుపడిన సీమ నుంచి ఎడారికి ఇంత వలస ఎందుకన్న ప్రశ్నకు భూమి పంపకంలోని అసమానత ఒక ప్రధాన సమాధానం. తెల్లని తెర ముందు, చెవులు కనిపించేలా, నవ్వకుండా దిగిన ఆ చిన్న ఫోటోతో తల్లి విమానమెక్కింది. ఇంట్లో పిల్లలకు మిగిలినది దాని మరో ప్రతి. తరువాత గల్ఫ్ నుంచి ఉత్తరాలతో వచ్చిన రంగుల ఫోటోలు, ఇటు నుంచి అటు వెళ్లిన పిల్లల ఫోటోలు రెండు తీరాల మధ్య కుటుంబాన్ని నిలబెట్టాయి. రాజ్యం కోసం అతికించిన ముఖాన్ని కుటుంబం ప్రేమకు సాధనం చేసుకున్నది. అధికార ప్రయోజనం కోసం పుట్టిన చిత్రానికి సామాన్యులు మరో జీవితం ఇవ్వగలరన్నది ఈ వలసచరిత్ర నేర్పే పాఠం.

7. కోనసీమ ముఖం ఎవరిది?

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి డా. బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో జరిగిన ఆందోళన హింసాత్మకమైంది. ఒక మంత్రి, ఒక శాసనసభ్యుడి ఇళ్లు దగ్ధమయ్యాయి. అనంతరం జిల్లా పేరు డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమగా ఖరారైంది. లోక్‌సభకు తొలి దళిత సభాపతిగా జి.ఎం.సి. బాలయోగిని పంపిన నియోజకవర్గ కేంద్రంలోనే ఈ సంఘటన జరగడం ఆలోచింపజేస్తుంది.

ఆ వివాదం పేరుకు సంబంధించినదే అయినా లోతున ఉన్నది ముఖానికి సంబంధించిన ప్రశ్న. కోనసీమ అన్నప్పుడు ఎవరి రూపం మనసులో మెదలాలి? అగ్రహారపు పండితుడా, కొబ్బరితోట ఆసామియా, దింపు కార్మికుడా, బండారులంక మగ్గం మీది నేతగాడా, అంతర్వేది తీరపు మత్స్యకారుడా, కువైట్ నుంచి తిరిగివచ్చిన తల్లా? మనుషులు లేని ప్రకృతిదృశ్యం ఈ ప్రశ్నను దాటవేస్తుంది. తోటలు, కాలువలు అందరివీ అన్న భావన కలిగించి, అవి ఎవరి అధీనంలో ఉన్నాయో, వాటిలో ఎవరి శ్రమ ఉన్నదో మరుగుపరుస్తుంది. అందువల్ల సామాన్యుల రూపచిత్రాలను ఒకచోట చేర్చడం వేడుకతో ముగిసే పని కాదు. ఒక సమాజం తన సభ్యులుగా ఎవరిని లెక్కిస్తుందో బహిరంగంగా ప్రకటించే పని. వేడుక పేరిట ఎంపిక చేసిన కొన్ని ముఖాలే గోడకెక్కితే పాత అసమానతే కొత్త చట్రంలో కొనసాగుతుంది.

8. సమాజ రూపచిత్ర సంకలనాలు - కొన్ని నమూనాలు:

జర్మనీలో అగస్ట్ సాండర్ రైతులు, కార్మికులు, న్యాయవాదులు, నిరుద్యోగులు మొదలైనవారి చిత్రాలతో తన కాలపు సమాజాన్ని నమోదు చేయ సంకల్పించి, 1929లో అరవై చిత్రాల గ్రంథాన్ని వెలువరించాడు. 1936లో నాజీ ప్రభుత్వం ఆ గ్రంథపు అచ్చుపలకలను ధ్వంసం చేయించింది. జాతి ఔన్నత్యాన్ని ప్రచారం చేసే రాజ్యానికి ఉన్నదున్నట్టుగా ఉన్న ముఖాలు రుచించలేదు. మాలీ దేశపు బమాకోలో 1948లో స్టూడియో తెరిచిన సేదూ కేయితా వేలాది పట్టణవాసుల రూపాలను నమోదు చేశాడు. 1991లో న్యూయార్కులో జరిగిన ఒక ప్రదర్శనలో ఆయన చిత్రాలు అజ్ఞాత ఛాయాగ్రాహకుడివిగా ప్రదర్శితమయ్యాయి. తరువాత ఛాయాగ్రాహకుడికి పేరు తిరిగివచ్చింది; ఆ ఫోటోలు దిగినవారిలో ఎందరికో రాలేదు.

మనకు సమీపాన తమిళనాడులో పుదుచ్చేరి ఫ్రెంచి సంస్థ, బ్రిటిష్ లైబ్రరీ వారి అంతరిస్తున్న దస్త్రాల పథకం సహకారంతో పాత స్టూడియోల గాజుపలకలను, నెగటివులను, ప్రతులను వేల సంఖ్యలో డిజిటల్ రూపంలోకి మార్చింది. 2010లో అనూషా యాదవ్ ప్రారంభించిన ‘ఇండియన్ మెమొరీ ప్రాజెక్ట్’, 2011లో కాఠ్మాండులో మొదలైన ‘నేపాల్ పిక్చర్ లైబ్రరీ’ కుటుంబాల ఆల్బములనే చరిత్రకు ఆధారాలుగా స్వీకరించాయి. తెలుగులో కందుకూరి రమేష్‌బాబు ‘సామాన్యశాస్త్రం’ పేరిట సాగించిన రచన, ఛాయాచిత్రణ సామాన్యుడి జీవితాన్ని కేంద్రస్థానంలో నిలిపాయి.

ప్రస్తుత చర్చకు మిక్కిలి దగ్గరి నమూనా పి. సాయినాథ్ సంపాదకత్వంలో 2014 డిసెంబరులో ఆరంభమైన ‘పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా’లోని ముఖచిత్రాల విభాగం. దేశంలోని ప్రతి జిల్లా నుంచి, బ్లాకు స్థాయి దాకా, ఒక స్త్రీ, ఒక పురుషుడు, ఒక బాల లేదా కౌమార వయస్కుల రూపచిత్రాలను సేకరించడం దాని లక్ష్యం. చిత్రంతోపాటు పేరు, వృత్తి, ఊరు ఉంటాయి. థర్‌స్టన్ సంపుటాలకు, దీనికి బాహ్యంగా పోలిక ఉన్నది: రెండూ దేశప్రజల ముఖాల పట్టికలే. తేడా చిత్రం కింది అక్షరాల్లో ఉంది. అక్కడ కులం పేరు, ఇక్కడ మనిషి పేరు. ఈ చిన్న తేడాలోనే ఒక శతాబ్దపు ప్రజాస్వామ్య ప్రయాణం ఇమిడి ఉంది.

9. కోనసీమకు అన్వయం:

పై సూత్రాన్నే తీసుకుంటే, 2022లో 22 మండలాలతో ఏర్పడిన జిల్లాకు మండలానికి మూడు చొప్పున 66 ముఖాలు కనీస సంఖ్య అవుతుంది. ఒక డిగ్రీ కళాశాల చరిత్ర, తెలుగు శాఖలు కలిసి ఒక విద్యాసంవత్సరంలో చేయగలిగిన పని ఇది. అయితే సంఖ్య కంటే పద్ధతి ముఖ్యం.

మొదటిది, దిగేవారి ఇష్టం. ఎక్కడ, ఏ దుస్తుల్లో, ఏ వస్తువుతో, ఎవరి పక్కన దిగాలన్నది వారే నిర్ణయించాలి. దింపు కార్మికుడిని చెట్టు మీదనే చూపాలన్న పట్టుదల మళ్లీ ‘నమూనా’ వైపే నడిపిస్తుంది. అతడు ఇస్త్రీ చొక్కాతో కుర్చీలో కూర్చోదలిస్తే అదే సరైన చిత్రం. రెండవది, పేరు. ఇంటిపేరుతో సహా వారు చెప్పినట్టే రాయాలి. స్త్రీలను ఫలానావారి భార్యగా గాక వారి పేరుతోనే నమోదు చేయాలి. మూడవది, వృత్తిపదం. దింపు, ఒలుపు, పీచు తీత, తాడు పేనడం, లాకుల దగ్గర లస్కరు పని వంటి స్థానిక పదాలను అలాగే ఉంచితే ఆ సంకలనం వృత్తిపదకోశానికి కూడా ఆధారమవుతుంది. నాల్గవది, ప్రతి తిరిగి ఇవ్వడం. ఫోటో దిగినవారి ఇంటికి పటం చేరని సంకలనం అసంపూర్ణం. ఐదవది, అంగీకారం. గల్ఫ్‌లో పనిచేసే స్త్రీల విషయంలో ముఖం, చిరునామా బయటపడటంవల్ల ఉపాధికి, భద్రతకు కలిగే చిక్కులను ముందే వివరించాలి. కాదన్న హక్కును గౌరవించాలి.

కొత్త చిత్రాలతోపాటు పాతవాటి రక్షణ కూడా సాగాలి. ఫిల్మ్ యుగం ముగిసి డిజిటల్ కెమెరా, ఆపై చరవాణి వచ్చాక స్టూడియోలు మూతబడ్డాయి లేదా వేరే వ్యాపారాలకు మారాయి. గాజుపలకలను కడిగి పటాలకు వాడటం, నెగటివులను వెండి కోసం అమ్మడం లేదా పారవేయడం దేశంలో చాలాచోట్ల జరిగింది. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో మిగిలిన నెగటివు పెట్టెలను, స్టూడియో ఖాతాపుస్తకాలను గుర్తించడం తక్షణ కర్తవ్యం. ఖాతాపుస్తకంలో ఉండే పేరు, ఊరు, తేదీ, సైజు, చెల్లించిన సొమ్ము అన్న ఐదు వివరాలు ఏ ఆర్థిక చరిత్రకారుడికైనా విలువైనవే.

10. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన ముఖ్యాంశాలు ఇవి:

• వలసపాలన దృష్టి సామాన్యుడిని పేరులేని నమూనాగా చూసింది. డెల్టా శ్రామికుడు ఆ నమూనాల్లో కూడా అంతగా ఆసక్తి కలిగించని మధ్యస్థితిలో ఉండిపోయాడు.

• చిన్న పట్టణపు స్టూడియో సామాన్యుడిని తన రూపానికి తానే కర్తను చేసింది. ‘దిగడం’ అన్న తెలుగు క్రియ ఈ కర్తృత్వాన్ని చక్కగా పట్టిచూపుతుంది. అయినా ఆర్థిక, కుల, వర్ణ వివక్షలు అక్కడ కూడా పనిచేశాయి.

• గుర్తింపుపత్రం రూపచిత్రాన్ని సార్వజనీనం చేసింది గాని ఎంపికను తొలగించింది. గల్ఫ్ వలస కుటుంబాలు ఆ చిత్రానికే ఆత్మీయతను అద్దాయి.

• 2022 నాటి నామకరణ వివాదం నేపథ్యంలో, మనుషులు లేని ప్రకృతిదృశ్యం స్థానంలో అన్ని సామాజిక వర్గాల ముఖాలను పేర్లతో సహా నిలపడం విద్యాసంస్థల బాధ్యత.

కొబ్బరిచెట్టు మళ్లీ కాస్తుంది, కాలువకు మళ్లీ నీరొస్తుంది. తేమకు చెరిగిపోయిన ముఖం మళ్లీ రాదు. ఆ ముఖం ఎవరిదో చెప్పగల చివరి మనిషి ఉన్నప్పుడే ఆ పటం వెనుక పేరు రాసి పెట్టడం ఈ దిశగా పరిశోధకుడు చేయవలసిన మొదటి పని.